లేట్ ఖమర్‌బీ

అన్యాయం జరిగింది ఖమర్‌బీకి. 1994 ఆగస్టు 17, బుధవారం, పొద్దున పదకొండుకూ పదకొండున్నరకూ నడుమ. చేసినవాళ్లు ఇద్దరు. మొదలుపెట్టింది ఒక గుమాస్తా, తర్వాత గట్టి చేసింది ఆమె మొగుడు. ఇద్దరికీ ఆమె మీద కోపం లేదు. కోపంతో చేసుంటే బాగుండేది, తిట్టిపోసుకోవడానికి ఒక మనిషైనా దొరికేవాడు.

ముప్పై ఏండ్ల పాటు ఆ అన్యాయం ఎవరికీ అడ్డం రాలేదు. ఖమర్‌బీ కూడా దాన్ని అన్యాయం అనుకోలేదు. నవ్వులాట అనుకుంది. రోజూ దానికి నీళ్లు పోసి, తుడిచి, నిగనిగలాడించింది కూడా.

తెల్లవారుజామున ఫజర్ నమాజు అయినాక బిందెడు నీళ్లూ ఒక పాత చీర పేలికా తీసుకుని వీధి మొగదలకు పోవడం ఆమె అలవాటు. ప్రొద్దుటూరు దాటి జమ్మలమడుగు రోడ్డెక్కితే ఎడమ పక్క బండల పాలిష్ ఫ్యాక్టరీలు, కుడి పక్క వాటిలో పని చేసేవాళ్ల కాలనీ. ఫ్యాక్టరీల బూడిద రాత్రికి రాత్రి వచ్చి ఇండ్ల మీద, చెట్ల మీద, ఆరేసిన గుడ్డల మీద కూర్చుంటుంది. వీధి మొగదల నిలబెట్టిన పేర్ల బండ మీద కూడా కూర్చుంటుంది. ఖమర్‌బీ ఆ బూడిదను కడిగి, పైనుంచి కిందికి ఒక్కొక్క పేరూ తుడిచి, అప్పుడు ఇంటికొచ్చి టీ పెట్టుకుంటుంది. మధ్యాహ్నం ఫ్యాక్టరీ గేటు కాడ బొరుగుల గంప పెట్టుకుని కూర్చుంటుంది. సాయంత్రం పక్కింటి పద్మావతమ్మ అరుగు మీద కూర్చుని ఊరందరి కోడండ్లనూ తూర్పారబడుతుంది. తనకు కోడలు లేదు, కొడుకూ లేడు, కాబట్టి తీర్పులు నిష్పక్షపాతంగా ఉంటాయి.

పేర్ల బండ అంటే ఆరడుగుల నల్ల నాపబండ. దాని మీద ముప్పై రెండు పేర్లు చెక్కారు. అన్నీ ఆడవాళ్లవే. అంతకుముందు ఈ జనమంతా గనుల అంచున గుడిసెల్లో ఉండేవాళ్లు. మందుగుండు పేలిన ప్రతిసారీ చట్టిలో సంగటి ఎగిరిపడేది. తొంభై నాలుగులో సర్కారు ముప్పై రెండు పట్టాలిచ్చింది, మొగోళ్ల పేరుతో ఇస్తే తాగి అమ్ముకుంటారని ఆడోళ్ల పేరుతో ఇచ్చింది. ఎవరు చెప్పారో గాని సర్కారుకు ఆ ఒక్కటి సరిగ్గా చెప్పారు. ప్రొద్దుటూరు చరిత్ర రాసేవాళ్లు బంగారం అంగళ్ల గురించి రాస్తారు, పత్తి మిల్లుల గురించి రాస్తారు. ఆ అంగళ్లలో సేట్లు చెప్పులు విడిచి నడిచే బండలను ఎవరు నున్నగా చేశారో రాయరు. ఎవరూ రాయరని తెలిసే, కాలనీవాళ్లు తమ చరిత్రను తామే ఒక బండ మీద చెక్కుకున్నారు. చరిత్ర అంటే ఏముంది, ముప్పై రెండు పేర్లు.

ఆ బండకు ఒక గుణం ఉంది. అది మానుతుంది.

పేరున్న మనిషి పోయిన పొద్దు ఆ పేరులో మొదటి అక్షరం అంచులు మెత్తబడతాయి. దెబ్బ తగిలిన చోట కొత్త తోలు వచ్చినట్టు రాయి లోపలినుంచి పొంగి, మూడో దినానికి పేరంతా పూడిపోతుంది. చేత్తో తడిమితే నున్నగా ఉంటుంది. తొంభై ఆరులో మొదట బిస్మిల్లా బీ పేరు మానింది. అప్పటినుంచి ఇరవై మూడు పేర్లు మానాయి, తొమ్మిది మిగిలాయి. పెద్దాసుపత్రిలో ఎవరైనా మంచంలో ఉంటే, డాక్టరు ఏం చెప్పినా సరే, కాలనీకి ఫోన్ చేసి "బండ ఎట్లుంది?" అని అడిగి గాని ఏడవరు. ఊర్లలో స్మారకాల మీద చచ్చినోళ్ల పేర్లుంటాయి. ఈ బండ మీద బతికినోళ్ల పేర్లే ఉంటాయి. చచ్చినోళ్లకు నున్నటి చోటు ఉంటుంది. పండగ పూట మనవలు వచ్చి "మా జేజి యాడుంది?" అంటే పెద్దవాళ్లు చెయ్యి పట్టుకుని ఆ చోటు తడిమిస్తారు.

బండ మీద పదిహేడో వరస: లేట్ ఖమర్‌బీ.

అది జరిగిన తీరు ఇది. పట్టాలిచ్చే పొద్దు పద్మావతమ్మకు నొప్పులు మొదలయ్యాయి. ఆమె అత్త తమ ఇంటి పట్టాకు వేలిముద్ర వేసే వరసలో ఉంది, మొగుడు గనిలో ఉన్నాడు. ఖమర్‌బీ బండల ట్రాక్టరు ఆపి, ఆమెను ఎక్కించి, తొట్టిలో తన ఒళ్లోనే పడుకోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకుపోయింది. ఆడపిల్ల పుట్టింది, గాయత్రి అని పెట్టారు. ఖమర్‌బీ నెత్తుటి మరకల చీరతోనే పరిగెత్తుకుంటూ వచ్చేసరికి ముప్పై ఒక్కమంది వేలిముద్రలు వేసి వెళ్లిపోయారు. గుమాస్తా నాగేశ్వరయ్య ఫైలుకు తాడు కడుతున్నాడు.

"ఇంతసేపు యాడ పోయినావమ్మా? తాడు కట్టేసినాక వస్తే ఎట్ల?" అని గొణుగుతూ తాడు విప్పి వేలిముద్ర వేయించుకున్నాడు. చెడ్డవాడు కాదు, విప్పాడు. కాకపోతే వరస తప్పి చివర పడిన వేలిముద్రకు రేపు ఎవరైనా కారణం అడుగుతారేమోనని, లిస్టులో ఆమె పేరుకు ముందర పొందిగ్గా 'లేట్' అని రాసుకున్నాడు. లేటుగా వచ్చింది కాబట్టి లేట్. దానికొక నకలు తీసి, బండ చెక్కించుకోమని కాలనీవాళ్ల చేతికిచ్చాడు.

చెక్కింది అబ్దుల్ సత్తార్, ఖమర్‌బీ మొగుడు. కిలోమీటరు రాళ్లకూ గుళ్ల మెట్లకూ పేర్లు చెక్కడంలో ఆ చుట్టుపక్కల అంతటి చెయ్యి లేదు. చదవడం మాత్రం రాదు. అక్షరాన్ని ఆకు బొమ్మనో చిలక బొమ్మనో చెక్కినట్టు చూసి చెక్కుతాడు. ఒంపు పోనివ్వడు, సున్నా పోనివ్వడు. కాగితం మీద ఉన్నదంతా చెక్కాడు. పెండ్లాం పేరు కదా అని ఆ వరసకు ఇంకాస్త లోతుగా కూడా చెక్కాడు.

బండ నిలబెట్టిన రోజు, బస్సు చెడిపోయి రోడ్డు మీద నిలబడిన కండక్టరు ఒకడు వచ్చి పేర్లన్నీ గట్టిగా చదివి, "అయ్యో, ఈయమ్మ పట్టా చూసుకోకుండానే పోయిందా పాపం" అన్నాడు. ఆ పాపం ఎదురుగా సిమెంటు గమేళా పట్టుకుని నిలబడి ఉంది. సంగతి తెలిసి జనం కిందపడి నవ్వారు. సత్తార్ మొహం నల్లబడింది. ఉలి తీసుకుని చెరపబోయాడు.

"చెరిపితే గుంత పడతాది. నా పేరు ముందర గుంత ఎందుకు, ఉండనీలే" అంది ఖమర్‌బీ.

అప్పటినుంచి కాలనీలో ఆమె పేరే 'లేటక్క' అయింది. పెండ్లిండ్లలో ఆలస్యంగా వడ్డిస్తే "లేటక్క పంక్తి" అనేవాళ్లు. రెండువేల పదకొండులో సత్తార్ పోయాడు, ఊపిరితిత్తుల నిండా బండ బూడిదతో. మొగోళ్ల పేర్లు లేవు గనక బండ చలించలేదు. ఖమర్‌బీ ఆ పొద్దు కూడా దాన్ని కడిగింది.

*

నిరుడు నాలుగు వరసల రోడ్డు వచ్చింది. కాలనీ మధ్యలోంచి పోతుందని ఎర్ర రంగుతో గోడల మీద గుర్తులు పెట్టారు. పోయిన ఇంటికి బదులు జమ్మలమడుగు వైపు కొత్త లేఅవుటులో ఇల్లిస్తామన్నారు. పట్టా ఉన్న మనిషి బతికుంటే మనిషికి, పోయుంటే వారసులకు.

లెక్క రాసుకోవడానికి యోగేష్ అనే కుర్ర ఆఫీసరు వచ్చాడు. పులివెందుల వాడు. ట్యాబు తెచ్చుకున్నాడు. అందులో ఒక్కొక్క పేరుకూ 'రాతి స్థితి' అని ఒక గడి ఉంది. కింద రెండు ముక్కలు, 'మానింది', 'మానలేదు'. వేలితో బండ తడుముతూ, ఫోటో తీస్తూ, టిక్కు పెడుతూ పదహారు పేర్లు దాటాడు. పదిహేడో పేరు కాడ ఆగాడు.

"ఈడ ఖమర్‌బీ అంటే ఎవురు?"

"నేనే సారూ."

"నువ్వు కాదమ్మా. ఈ పట్టాలో ఉండే ఖమర్‌బీ."

"ఆ ఖమర్‌బీనే నేను."

"ఆమె లేట్ అని ఉంది కదా."

"ఆ పొద్దు లేటుగా వచ్చినా సారూ. ఈ పక్కింటామెకు కాన్పయితాంటే ఆసుపత్రికి పోయినా."

పద్మావతమ్మ ముందుకొచ్చి గాయత్రిని చెయ్యి పట్టి లాగి నిలబెట్టింది. "ఇదిగో సార్, ఆ పొద్దు పుట్టిన బిడ్డ ఇదే. ముప్పై ఏండ్లు. ఇంతకంటే ఏం సాచ్చెం కావాల?"

"బిడ్డ పుట్టిందని తెలుస్తాంది. ఈమె బతికిందని తెలియడం ల్యా" అన్నాడు యోగేష్. వెటకారానికి కాదు, నిజంగానే ఇబ్బందిగా అన్నాడు. ట్యాబు తిప్పి చూపించాడు. పాత రిజిస్టరును ఎప్పుడో కంప్యూటరుకు ఎక్కించినప్పుడు ఎవరో ఆ మాటను చదివి, ఆమె పేరు పక్కన 'మరణించినారు' అని పెట్టారు. తేదీ గడి ఖాళీగా ఉంటే ఒప్పుకోదు గనక పట్టా తేదీనే వేశారు. 17-08-1994.

"బండ మానలేదు కదా సారూ. తడిమి చూడు" అంది ఖమర్‌బీ.

తడిమి చూశాడు. అక్షరాలు చాకు పెట్టి కోసినట్టున్నాయి. "మానలేదు, నిజమే. కానీ రాసింది లేట్ అని. రాయి బతికినావంటాంది, రాత చచ్చినావంటాంది. నేనేం చేసేది? పైకి రాస్తా."

ఫోటో తీసుకుని పోయాడు. ఇరవై దినాలకు కడప నుంచి జవాబు వచ్చింది. రాతి స్థితికీ రాతకూ తేడా వచ్చినచోట రాతనే ప్రమాణంగా తీసుకోవలెను.

ఆధార్ కార్డు తీసుకుని గాయత్రి ఆమెను వార్డు సచివాలయానికి వెంటబెట్టుకుపోయింది. గాయత్రి బట్టలు కుడుతుంది, ఫారాలు నింపడం వచ్చు, భయం తక్కువ. కంప్యూటరు ముందర వాసవి అనే పిల్ల కూర్చుని ఉంది. మెత్తగా మాట్లాడింది.

"ఆధార్‌లో ఆంటీ బతికే ఉన్నారక్కా. ఆ ఖమర్‌బీ వేరే, పట్టా ఖమర్‌బీ వేరే అని చూపిస్తాంది."

"వేరే ఎట్లయితాదే? మొగుని పేరు ఒకటే, ఊరు ఒకటే."

"అందుకే ఒక దారుంది. ఆంటీ ఆ ఖమర్‌బీకి వారసురాలిగా పెట్టుకోవచ్చు. ఆ ఖమర్‌బీ చనిపోయినట్టు సర్టిఫికెట్ తెస్తే చాలు."

ఖమర్‌బీ కుర్చీ ముందుకు జరుపుకుంది. "అంటే నేను చచ్చిపోయినట్టు నేనే కాగితం తెచ్చి, నా ఇల్లు నాకే ఇమ్మని నేనే అడగాల."

"అంతే ఆంటీ. శానా మంది అట్లే చేస్తాండారు."

"నాకూ నాకూ చుట్టరికం ఏమని రాసేది?"

వాసవి ఫారం వెతికింది. భర్త, భార్య, కొడుకు, కూతురు, ఇతరులు. "ఇతరులు అని పెట్టండి" అంది.

పాత పట్టా కాగితం ఉంటే చాలని ఇంకొకాయన చెప్పాడు. ఆ కాగితాన్ని ఏనాడో చెదలు తిన్నాయి. కాగితాలనూ కొయ్యనూ తింటాయి, బండను ముట్టవు. తినాల్సిందాన్ని తినకపోవడం వాటికీ అలవాటే.

చివరికి యోగేషే ఒక మాట చెప్పాడు. "అప్పుడు లిస్టు రాసిన గుమాస్తా ఉంటే, లేట్ అంటే ఆలస్యంగా వచ్చిందనే నేను రాసినా అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టిస్తే, దాన్ని పెట్టి నేను మార్పిస్తా. ఫిబ్రవరి పన్నెండు దాటితే మాత్రం నా చేతిలో ఏమీ ఉండదు. లిస్టు మూసేస్తారు."

ఆ గడువుకు వారం దినాలు కూడా లేవు.

*

నాగేశ్వరయ్య జమ్మలమడుగులో కొడుకింట్లో ఉన్నాడని తెలిసింది. గురువారం పొద్దున ఖమర్‌బీ, గాయత్రి బస్సెక్కారు. గంప నిండా బొరుగులు కూడా తీసుకుంది ఖమర్‌బీ. పనికి పోయేటప్పుడు వట్టి చేతులతో పోవడం ఆమెకు చాతకాదు.

ఎనభై ఏండ్ల మనిషి మంచంలో ఉన్నాడు. నడుము కింద పట్టు లేదు, పైన మాత్రం అంతా సరిగానే ఉంది. ఆమెను చూసి కొంచెంసేపు కండ్లు చికిలించాడు.

"బండల కాలనీ. నెత్తుటి చీరతో వచ్చినావు. తాడు మళ్లీ విప్పించినావు."

"జ్ఞాపకం ఉందా సామీ."

"మూడు వందల పట్టాలు రాసినా. తాడు విప్పింది ఒక్కదానికే."

గాయత్రి సంగతంతా చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు. అంతా విని, "నేను రాసింది తప్పు కాదమ్మా. లేటుగా వచ్చింది, లేట్ అని రాసినా. చదివేటోడు తప్పు చదివితే రాసినోడేం చేస్తాడు?" అన్నాడు.

"తప్పని ఎవురన్నారు సామీ. ఆ మాటే కాగితం మీద పెట్టు."

"పెడతా. దాందేముంది. ఒరే ప్రసాదూ, పెన్నియ్యి."

కొడుకు రాఘవేంద్రప్రసాద్ లోపలినుంచి వచ్చాడు. జమ్మలమడుగులో ఎరువుల అంగడి. మంచి చొక్కా, మంచి మర్యాద. పెన్ను తేలేదు, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"అమ్మా, తప్పుగా అనుకోవద్దు. నాయన సంతకం పెడితే రేపు రమ్మంటారు. ఆ రిజిస్టరులో ఇంకెన్ని లేట్లున్నాయో ఎవురికి తెలుసు? ఒకటి విప్పితే అన్నీ విప్పమంటారు. ఈ మనిషిని మంచంతో మోసుకుని కడపకు తిరగాల్నా నేను?"

"ఎవురూ పిలవరన్నా. ఒక్క ముక్క" అంది గాయత్రి.

"పిలవరని నువ్వు సంతకం పెడతావా పాపా?"

ఖమర్‌బీ మంచం వైపు తిరిగింది. నాగేశ్వరయ్య కొడుకు వైపు చూశాడు. తర్వాత దుప్పటి అంచు చూశాడు. మూడు వందల కుటుంబాలకు నేల రాసిచ్చిన మనిషికి ఇప్పుడు నీళ్లు కావాలన్నా కొడుకే ఇవ్వాలి. బకెట్టు పెట్టాలన్నా కొడుకే పెట్టాలి. అట్లాంటివాడు న్యాయం మాట్లాడాలంటే ముందు లేచి నిలబడాలి.

"ప్రసాదు చెప్పేది కూడా..." అని ఆగిపోయాడు.

"సామీ, ఇల్లు పోతే నాకు ఈడా ఆడా యాడా లేదు. పుట్టింటోళ్లు లేరు, బిడ్డలు లేరు. నీ చేతిలో ఒక్క మాట ఉంది, నాదే. అది నాకియ్యి" అంది ఖమర్‌బీ. గొంతు పెంచలేదు. పెంచితే పని జరిగే చోట పెంచేది, ఆమెకు ఆ తెలివి ఉంది.

ఆయన కండ్లలో నీళ్లు తిరిగాయి. అంతే, తిరిగాయి. చెయ్యి దుప్పటి కిందినుంచి బయటికి రాలేదు.

"మనసు మారితే ఈ నంబరుకు చెప్పండన్నా" అని గాయత్రి ఒక చీటీ రాసిచ్చింది. రాఘవేంద్రప్రసాద్ దాన్ని మర్యాదగా జేబులో పెట్టుకున్నాడు. బొరుగులు కూడా మర్యాదగానే పోయించుకున్నాడు.

బస్సులో ఖమర్‌బీ కిటికీ పక్కన కూర్చుంది. గాయత్రి తిట్టింది. కొడుకును తిట్టింది, ముసలాయన్ని తిట్టింది, కంప్యూటరును తిట్టింది, ఆఖరికి, "అయినా నన్ను ఆ పొద్దే కనాల్నా మా యమ్మ" అని తన పుట్టుకనే తిట్టుకుంది.

"నిన్ను అనొద్దులేవే. లేటుగా పోయినా పట్టా దొరికింది. ఆసుపత్రికి లేటుగా పోయుంటే నువ్వు దొరికేదానివి కాదు" అంది ఖమర్‌బీ.

*

ఆదివారం తెల్లవారి బిందెతో పోయినప్పుడు, పదిహేడో వరస మీద పేలిక జారింది.

ప్రతిరోజూ గుడ్డ నూలు అక్షరాల అంచులకు తట్టుకునేది. ఆ పొద్దు మొదటి అక్షరం మీద తట్టుకోలేదు. ఖమర్‌బీ వేలు పెట్టి చూసింది. 'లే' మెత్తబడింది. లోపలినుంచి రాయి పొంగుతూ ఉంది. మొగుడు లోతుగా చెక్కిన గాడి సగం పూడిపోయింది.

ఆమె మిగతా పేర్లు కూడా తుడిచింది, సగంలో వదిలే మనిషి కాదు. బిందె తీసుకుని పద్మావతమ్మ అరుగు కాడికి వచ్చి, "పద్మా, నా వరస మొదలయింది" అంది.

పద్మావతమ్మ పోయి చూసొచ్చింది. వచ్చి పక్కన కూర్చుంది. ఏడవడానికి ఆమెకు కొంచెంసేపు పట్టింది.

"నొప్పి యాడన్నా ఉందా అక్కా?"

"మోకాళ్లలో ఉంది. అది ఎప్పుడూ ఉండేదే."

"గుండె?"

"కొట్టుకుంటాంది. దానికింకా తెలిసినట్టు ల్యా."

సంగతి కాలనీ అంతా పాకింది. డాక్టరు దగ్గరికి పోదామని ఎవరూ అనలేదు. ఖమర్‌బీ స్నానం చేసింది. హజ్ నుంచి ఎవరో తెచ్చిచ్చిన, పోయినాక చుట్టే కఫన్ గుడ్డను పెట్టెలోంచి తీసి మంచం మీద పెట్టింది. బొరుగుల గంపను గాయత్రికి ఇచ్చింది. "ఉల్లిగడ్డలు శానా సన్నగా తరగాల, లేకపోతే ఫ్యాక్టరీ పిల్లోళ్లు తినరు" అని చెప్పింది. ఎర్ర గుర్తు వేసిన తన గోడకు ఆనుకుని పడుకుంది. ఎట్లాగూ ఇల్లు పోతుంది, తను ముందు పోతే ఆఫీసరుకు కూడా పని తప్పుతుంది అనుకుంది. చావడం గురించి అంతకంటే ఎక్కువ ఏమీ తోచలేదు. కానీ ఒక మాట మాత్రం లోపల గుచ్చుతూ ఉంది. ఇప్పుడు పోతే కాగితం నిజమైపోతుంది. ముప్పై ఏండ్లుగా అబద్ధం చెబుతున్న కాగితం, కాస్త ఓపిక పట్టి, ఆమెనే తన దారికి తెచ్చుకుంది.

"నేను పోతే తొంభై నాలుగులో పోయినట్టే అయితాది పద్మా" అంది పద్మావతమ్మతో. "ఇప్పుడు పోయేది ఎవురు రాసుకుంటారు? ఒకసారి పోయినోళ్లను మళ్లా రాసుకోరు."

పద్మావతమ్మకు అర్థం కాలేదు. కాళ్లు పిసుకుతూ కూర్చుంది.

సోమవారం 'ట్' కూడా పూడింది. జనం వచ్చి చూసి పోయారు. తెలిసినవాళ్లు మాఫీ అడిగారు. 'లేటక్క' అని ఎక్కిరించినందుకు ఒకామె గట్టిగానే ఏడ్చింది. ఖమర్‌బీ అందరినీ మాఫీ చేసింది, చెరువు కట్ట కాడ తన కోడిని ఎత్తుకుపోయిన ఒక్కామెను తప్ప.

మంగళవారం మూడో దినం. తెల్లవారుజామున మెలకువ వచ్చింది. వచ్చినందుకు ఆమెకు కొంచెం చికాకు కలిగింది. నమాజు చేసుకుంది. ఇంకేం చేయాలో తెలియక బిందె తీసుకుని వీధి మొగదలకు పోయింది. అప్పటికే పద్మావతమ్మా గాయత్రీ అక్కడ నిలబడి ఉన్నారు.

'లేట్' ఉన్న చోట అద్దంలాగా నున్నగా ఉంది. దాని పక్కన 'ఖ' మొన్న చెక్కినట్టే ఉంది. 'మ' ఉంది. 'ర్' ఉంది. 'బీ' ఉంది. గాయత్రి వేలి గోరు పెట్టి ప్రతి అక్షరం గాడిలో గీసి చూసింది.

"ఇంతటితో ఆగింది పెద్దమ్మా" అంది.

అప్పుడు గాయత్రి ఫోను మోగింది. రాఘవేంద్రప్రసాద్. మర్యాదగానే మాట్లాడాడు. "ఆదివారం తెల్లారుజామున మా నాయన పోయినాడమ్మా. మీరు అడిగిన కాగితం ఇంక కుదరదు. ఊరికే ఎదురు చూస్తాంటారేమోనని చెప్తాండా."

గాయత్రి ఆ మాటను అట్లే చెప్పింది. ముగ్గురూ బండ వైపు చూశారు.

'లేట్' అనే మాట ఆమెది కాదు. చెక్కింది సత్తారే, మోసింది ఖమర్‌బీనే, కానీ మాట గుమాస్తాది. ముప్పై ఏండ్లుగా తన పేరు ముందర ఒక పరాయి మనిషి ప్రాణం పెట్టుకుని, దానికే రోజూ నీళ్లు పోసి తుడిచింది. అది వెళ్లిపోయింది. బతికుండగా ఇవ్వలేని దాన్ని ఆయన ఇట్లా ఇచ్చాడు. ఇచ్చాడనాలో, తీసుకుపోయాడనాలో.

ఖమర్‌బీ బిందె దించి, నున్నటి చోటు మీద కూడా నీళ్లు పోసింది. మనవలకు తడిమి చూపించే చోట్లను ఎట్లా కడుగుతుందో, అట్లే కడిగింది. సంతోషం రాలేదు. దాని కోసం కాసేపు చూసింది కూడా, రాలేదు.

*

బుధవారం సాయంత్రం నాలుగింటికి యోగేష్ వచ్చాడు. లిస్టు మూసే రోజు. బండ ముందర కూర్చుని పదిహేడో వరస తడిమాడు. ట్యాబులో పాత ఫోటో తీసి పక్కన పెట్టి చూశాడు.

"రాసినాయన పోయినాడా?"

"ఆదివారం" అంది గాయత్రి.

"మా ఊర్లో కూడా ఒకసారి ఇట్లే అయింది. బావి కాడ శిలాఫలకం" అని, కొత్త ఫోటో తీసుకున్నాడు. "ఇప్పుడు రాతలో లేట్ లేదు. రాతి స్థితి మానలేదు. రెండూ ఒక మాట మీద ఉన్నాయి. నాకింక అడ్డం ల్యా." తలెత్తి మొదటిసారి నవ్వాడు. "ఇల్లు వస్తాది అమ్మా. చివరి వరస, ముప్పై రెండో నంబరు. బస్సు దిగి కొంచెం నడవాల."

"నడుస్తాలే సారూ."

వేలితో ట్యాబు మీద నొక్కుతూ పోయాడు. నొక్కుతూ నొక్కుతూ ఆగాడు.

"మరణించినారు తీసి, జీవించి ఉన్నారు అని పెట్టినా. ఏ తేదీ నుంచి అని అడుగుతాంది."

"ఏ తేదీ ఏంది?"

"ఏ తేదీ నుంచి బతికున్నట్టు."

పద్మావతమ్మ నోరు తెరిచింది, ఖమర్‌బీ చేత్తో ఆపింది. "నేను చచ్చింది యాడ సారూ, ఫలానా పొద్దు నుంచి బతికినట్టు రాసేదానికి? పుట్టినప్పటినుంచి బతికే ఉన్నా."

"పుట్టిన తేదీ పెట్టి చూసినా. ఒప్పుకోవడం ల్యా. పట్టా తేదీ పెట్టినా. అది కూడా ల్యా. వెనక తేదీ తీసుకోదు, ఈ పొద్దుటిది ఒక్కటే తీసుకుంటాంది."

"మరి నడుమ ఉండేది?"

"నడుమ ఉండేది అట్లే ఉంటాదమ్మా. దానికి గడి ల్యా."

ఖమర్‌బీ బండకు ఆనుకుని నిలబడింది. తొంభై నాలుగు తర్వాత సత్తార్‌తో పదిహేడేండ్ల కాపురం చేసింది. ఆ లెక్కన ఆయన పదిహేడేండ్లు పెండ్లాం లేనివాడు. రోజూ రాత్రి ఆయన వీపు మీద బూడిద కడిగింది ఎవరో. ఆయన దగ్గుతుంటే గుండె మీద చెయ్యి పెట్టుకుని తెల్లవార్లూ కూర్చుంది ఎవరో. పద్నాలుగేండ్లుగా ఆయన గోరీ మీద పూలు పెడుతున్నది ఎవరో. పక్కింటి బిడ్డ పుట్టిన రోజే తను పోయింది, ఆ బిడ్డకు ముప్పై ఏండ్లు జడలేసింది కూడా ఎవరో. ఇల్లు ఇస్తున్నారు, ఆ ఎవరినో మాత్రం ఇవ్వడం లేదు.

"పెట్టేయమంటావా అమ్మా? అయిదింటికి మూసేస్తాది" అన్నాడు యోగేష్. ఆ పిల్లవాడి గొంతులో కూడా దారి లేదు.

"పెట్టు నాయినా" అంది.

వేలిముద్ర రెండుసార్లు పడలేదు. బండ తుడిచి తుడిచి వేలి గీతలు అరిగిపోయాయి. మూడోసారి కొంగుతో తుడుచుకుని పెడితే పడింది. యోగేష్ ట్యాబు ఆమె వైపు తిప్పాడు. ఆమెకు చదవడం రాదని గుర్తొచ్చి, తనే చదివాడు.

ఖమర్‌బీ, భర్త లేట్ అబ్దుల్ సత్తార్. జీవించి ఉన్నారు. 12-02-2025 నుంచి.